చిరునామా నడచిన దారి: సైబరాబాదు దృష్టాంతము



క్రొత్త యూరికి వచ్చినవాడు మొదట నడుగు ప్రశ్న యొక్కటే: "అయ్యా, ఫలానా దుకాణ మెక్కడ?" ఈ ప్రశ్నకు వ్రాతలో సమాధానము చెప్పుటకై పుట్టినది వర్తకుల చిరునామాల పట్టిక. దానినే మనము డైరెక్టరీ యనుచున్నాము. లండను నగరమున 1677లో సామ్యుయెల్ లీ యనునతడు అచ్చటి వర్తకుల పేర్లును, నివాసములును గల చిన్న పుస్తకమును అచ్చు వేసెను. నాటి పుస్తకము నేడు చేతి ఫోనులోని పటమైనది. ఈ మార్పులో మనకు లభించిన దేమి, మనము జాగ్రత్త పడవలసిన దేమి యను సంగతిని, హైదరాబాదునకు పడమట నున్న సైబరాబాదును దృష్టాంతముగా గొని మనవి చేసెదను.

పూర్వము మన యూళ్లలో చిరునామా యనగా గుఱుతులే. రావిచెట్టు దాటి, ఎడమచేతి సందున, మూడవ పెంకుటిల్లు. ఊరు మెల్లగా మాఱునంత కాలము ఈ పద్ధతి చాలును. కాని మాదాపురపు సంగతి వేఱు. బండరాళ్ల నడుమ పల్లెలుండిన యా నేలపై పదియంతస్తుల సైబర్ టవర్సు లేచెను. నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి 1998 నవంబరు 22వ తేదీన దానిని ప్రారంభించెను. ఆ ప్రాంతమునకై 2001లో ఏర్పడిన సైబరాబాదు అభివృద్ధి సంస్థ, 2008లో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థయందు కలిసిపోయెను. శేరిలింగంపల్లి పురపాలక సంఘము 2007లో మహానగర పాలక సంస్థలో లీనమయ్యెను. 2014 జూను 2వ తేదీన తెలంగాణ రాష్ట్ర మవతరించెను. 1998లో అచ్చట కాఫీ దుకాణము పెట్టినవాడు తన బల్లను అంగుళమైనను జరుపలేదు. అయినను పదునాఱేండ్లలో వాని చిరునామాలోని పురపాలక సంఘము మాఱినది, రాష్ట్రము మాఱినది.

ఈ మార్పుల నడుమ స్థిరముగా నిలిచినది పిన్‌కోడు. 1972 ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చిన యీ ఆఱంకెల పద్ధతిని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకరు గారు. వారు సంస్కృత కవులు కూడ నగుట మావంటి పండితులకు ముచ్చట గొలుపు విషయము. కాని 500081 అను సంఖ్య మాదాపురపు పేటను జూపునే గాని దుకాణపు గుమ్మమును జూపజాలదు. గుమ్మమును జూపుటకు అక్షాంశ రేఖాంశములు కావలెను. అమెరికా ప్రభుత్వము తన ఉపగ్రహ సంకేతములలో బుద్ధిపూర్వకముగా కలిపిన దోషమును 2000 మే 2వ తేదీన తొలగించిన పిమ్మట, సామాన్యుని చేతిలోని యంత్రము కొద్ది మీటర్ల మేర నిజము చెప్ప నేర్చెను.

ఇక నా యనుభవ మొకటి. నా పూర్వశిష్యు డొకడు మాదాపురము, కొండాపురము ప్రాంతముల చిన్న దుకాణముల కొఱకు ఒక వెబ్‌సైటును నిర్మించెను. ఒకనాడు మా యింటికి వచ్చి, "మాస్టారూ, అంకెలన్నియు సరిగానే యున్నవి. దుకాణములు మాత్రము పటములో కనబడుట లేదు" అని వాపోయెను. చూడగా, సైబర్ టవర్సు ప్రాంతపు అక్షాంశము సుమారు 17.45, రేఖాంశము 78.38. ఇతడు వాడిన జియోజేసన్ అను ప్రమాణము, 2016లో ప్రకటింపబడిన రూపమున, రేఖాంశమును ముందు వ్రాయుమనును. ఇతడు లోకవాడుక ననుసరించి అక్షాంశమును ముందు వ్రాసెను. అంతట ఇడ్లీ దుకాణములును, సైకిలు మరమ్మతు కొట్లును ఉత్తరధ్రువ సమీపమున నార్వేవారి స్పిట్స్‌బెర్గెన్ ద్వీపపు మంచులో జేరినవి!

యంత్ర మేల యడ్డు చెప్పలేదు? అక్షాంశము 90కి మించరాదు, 78 మించలేదు. అదే గౌహతి యైనచో రేఖాంశము 91 దాటుటచే యంత్రమే తిరస్కరించి యుండెడిది. మన యూరి తప్పు ఒప్పువలె కనబడు తప్పు, అట్టిదే ప్రమాదకరము. నేను వానితో నిట్లంటిని: "నాయనా, 'రాముడు రావణుని జంపెను' అనినను, 'రావణుని రాముడు జంపెను' అనినను అర్థ మొక్కటే. విభక్తి కాపాడుచున్నది. అంకెలకు విభక్తి లేదు. వాటికి వరుసయే ప్రాణము."

వరుస సరిదిద్దిన పిమ్మట మఱి రెండు దోషములు బయటపడినవి. కొన్ని దుకాణములకు రాష్ట్రము ఆంధ్రప్రదేశ్ అనియే యుండెను; తెలంగాణ యని వెదకువారికి అవి దొరకలేదు. మఱికొన్నింటికి దశాంశ స్థానములు రెండే మిగిలినవి. రెండు స్థానములనగా కిలోమీటరు మేర సందేహము; నాలుగైనచో పది పదునొకండు మీటర్లు. ఈ దోషమువలన ఒక ముసలమ్మ నడుపు కర్రీ పాయింటు పెద్దరోడ్డున కావలి పేటలో పడినది. వండిన కూర సాయంకాలమునకు మిగిలిపోవుచుండెను. "నా చేతి రుచి పోయినదేమో బాబూ" అని ఆమె నా శిష్యునితో ననెనట. రుచి పోలేదు, రెండంకెలు పోయినవి.

అందువలన ఇట్టి పని చేయువారికి నా మనవి యిది. వేయి దుకాణములను ఎక్కించుటకు ముందు, మీరు కన్నులార జూచిన యొక్కదానిని ఎక్కించి, అది తన చోట నిలిచినదా యని పరీక్షింపుడు. పేర్లను నమ్మి యూరకుండకుడు: హైటెక్ సిటీ యను పేరుతో రైల్వే స్టేషను వేఱు, 2019 మార్చి 20వ తేదీన తెఱవబడిన మెట్రో స్టేషను వేఱు. పటమున గుఱుతు పెట్టిన పిమ్మట ఒకమాఱు కాలినడకను పోయి చూడుడు.

నా శిష్యుడట్లే చేసెను. గుఱుతు సరియైన వారమునకు ఆ ముసలమ్మ అతనికి గోంగూర పప్పు పొట్లము గట్టి యిచ్చి, వెల పుచ్చుకొనలేదట. పట్టికలోని ప్రతి పంక్తి వెనుకను ఒక పొయ్యి వెలుగుచున్నదని మఱువకుందము.

సెలవు.