విరించిపురం మతిలు, సంఘం కంప్యూటరు కాపలా

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించండి.

తిరువారూరుకు తేరు అందం, విరించిపురానికి మతిలు అందం అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. మార్గబంధీశ్వరుడి గుడి చుట్టూ ఉన్న ఆ ప్రహరీ గోడ అంత గొప్పది. కానీ ఎంత పెద్ద గోడకైనా వాకిట్లో కాపలా ఉండాలి కదా? పోయిన కూటంలో "సంఘం కంప్యూటరుకు కొత్త యాంటీవైరస్ ఏది వేద్దాం?" అని అడిగారు. జవాబు చెప్పే ముందు కొంచెం చరిత్ర చెబుతాం.

పర్సనల్ కంప్యూటర్లకు పట్టిన తొలి వైరస్‌లలో పేరుపొందినది "బ్రెయిన్". 1986లో లాహోరులో ఇద్దరు అన్నదమ్ములు రాశారు. అది ఫ్లాపీల మీద ఊరూరూ తిరిగింది. మన చెన్నైలోనే 1991లో కె7 కంపెనీ మొదలైంది. అప్పట్లో అంతా డాస్. కాపలా అంటే ఫ్లాపీని సోదా చేయడమే.

తర్వాత విండోస్, ఇంటర్నెట్, పెన్ డ్రైవ్ వచ్చాయి. కాపలావాడు ఏడాదికొకసారి డబ్బు కట్టించుకునేవాడయ్యాడు. చెన్నై సీడాక్ వాళ్లు 2007లో బాస్ లినక్స్ విడుదల చేశారు. 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం పిల్లలకిచ్చిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. లినక్స్‌లో మామూలుగా పాస్‌వర్డ్ ఇవ్వకుండా ప్రోగ్రాములు సిస్టం లోపల చెయ్యి పెట్టలేవు. దానికి వైరస్‌లు తక్కువ. అసలు రావని కాదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు మైక్రోసాఫ్టే డిఫెండర్‌ను లోపల పెట్టి ఇచ్చింది.

ఇక 2017 మే 12. వాన్నాక్రై అనేది ప్రపంచమంతా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. మన పక్కనున్న చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రాలో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ అది తగిలింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. రెండు నెలలైనా వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. ఎక్స్‌పీకైతే 2014 ఏప్రిల్ 8తోనే మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి.

ఆ భయంతోనే మేము మన ఎక్స్‌పీ కంప్యూటరును ఒక అంగడికి తీసుకుపోయాం. పాత యాంటీవైరస్‌ను తీయకుండానే కొత్తది దాని మీద వేశారు. ఒక వాకిట్లో ఇద్దరు కాపలావాళ్లు ఒకరినొకరు దొంగ అనుకుని పట్టుకున్నట్టు అయింది. కంప్యూటరు బిగుసుకుపోయింది. మమ్మల్ని అడగకుండానే ఫార్మాట్ చేశారు. పదకొండేళ్ల సభ్యుల పట్టిక, పెళ్లి సంబంధాల వివరాలు, పిల్లల చదువు నిధి లెక్క, అన్నీ పోయాయి. కాపీ తీసి పెట్టకపోవడం మా తప్పు. అప్పటి కార్యదర్శి చేత్తో రాసిపెట్టిన నోటుబుక్కు ఉండబట్టి పేర్లు మళ్లీ ఎక్కించగలిగాం. నిధి లెక్కలో రెండేళ్లు ఇప్పటికీ ఖాళీయే.

రైల్వేలో ఛార్జి అప్పగించేటప్పుడు వచ్చేవాడు లెక్క చూసి సంతకం పెట్టాకే పోయేవాడు కదులుతాడు. ఇక్కడా అదే క్రమం. ముందు కాపీలు రెండు: ఒకటి సంఘంలో, ఒకటి కోశాధికారి ఇంట్లో. ఆ కాపీలు తెరుచుకుంటున్నాయా అని చూడాలి. తర్వాత పాతదాన్ని పూర్తిగా తీసేయాలి. ఆ తర్వాతే కొత్తది.

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో మామూలుగా ఆగిపోయాయి. మన కంప్యూటరు అదే. అందుకే యాంటీవైరస్ పేరు గురించి వాదించుకునే ముందు, విండోస్ 11కి పోదామా, లినక్స్‌కి పోదామా అని తేల్చుకుందాం. కూలుతున్న గోడకు కాపలావాడిని మార్చి లాభం లేదు.

వచ్చే కూటానికి పెన్ డ్రైవ్ తీసుకుని మేము ముందే వస్తాం. ఆ నోటుబుక్కు ఎవరింట్లో ఉందో, వాళ్లు దయచేసి దాన్ని కూడా తీసుకురండి.