ఒక్క సీజన్, మూడు గాయాలు, ముగ్గురు కుర్రాళ్లు

ఈ ఎపిసోడ్ ఫుట్‌బాల్ ఫ్యాన్స్ కోసం. ముఖ్యంగా, సీజన్ మొదలుకాక ముందే టెన్షన్ పడిపోయే నాలాంటి వాళ్ల కోసం.

జూలై చివర్లో మన పరిస్థితి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. లీగ్ ఇంకా మొదలుకాలేదు. ఫ్రెండ్లీ మ్యాచ్‌లు నడుస్తుంటాయి, వాటికి పాయింట్లు కూడా ఉండవు. అయినా పొద్దున్నే లేచి ఫోన్ చూస్తే ఒకటే వార్త: మన స్ట్రైకర్ కుంటుకుంటూ బయటికి వెళ్లాడు. గుండె జారిపోతుంది. పావుగంట కాగానే ఫ్రెండ్స్ గ్రూపులో ఎవడో ఒకడు అకాడమీ కుర్రాడి క్లిప్ పెట్టి, "ఏం కాదురా, వీడున్నాడుగా" అంటాడు. ఆ ముప్పై సెకన్ల క్లిప్ పదిసార్లు చూస్తాం. నమ్మేస్తాం.

నేనూ ఒకసారి అలాగే నమ్మాను. ఆ నమ్మకం రెండు మ్యాచ్‌లు కూడా నిలవలేదు. ఒక ఈజీ ఛాన్స్ పోగొట్టాడని ఆ పంతొమ్మిదేళ్ల పిల్లాణ్ని గ్రూపులో నేను అన్న మాట ఇక్కడ చెప్పలేను. తర్వాత ఇంగ్లాండ్‌లో 1997-98 సీజన్ గురించి చదువుతుంటే నా మాట నాకే గుచ్చుకుంది. ఆ కథే ఇవాళ చెబుతాను.

1997 జూలై 26. లివర్‌పూల్ నగరంలోని గూడిసన్ పార్క్ స్టేడియం. న్యూకాజిల్, చెల్సీ మధ్య ఒక ప్రీసీజన్ మ్యాచ్. న్యూకాజిల్ స్ట్రైకర్ ఆలన్ షియరర్ బంతి వెనక పరుగెత్తాడు. పక్కన ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. బూటు గడ్డిలో ఇరుక్కుంది. చీలమండ తిరిగిపోయింది. ఎముక విరిగింది, లిగమెంట్లు తెగాయి.

షియరర్ అంటే మామూలు ఆటగాడు కాదు. సరిగ్గా ఏడాది ముందు న్యూకాజిల్ అతన్ని కోటిన్నర పౌండ్లకి కొన్నది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. మొదటి సీజన్‌లోనే లీగ్‌లో 25 గోల్స్ కొట్టాడు. అతని జోడీ లెస్ ఫెర్డినాండ్ 16 కొట్టాడు. ఆ ఏడాది జట్టు మొత్తం కొట్టినవి 73. అంటే సగానికి పైగా గోల్స్ ఈ ఇద్దరివే.

ఇక్కడే అసలు దెబ్బ. షియరర్ కింద పడిన రోజుల్లోనే న్యూకాజిల్ ఫెర్డినాండ్‌ని టాటెన్‌హామ్‌కి అమ్ముతోంది. గాయం సంగతి తెలియగానే ఆ అమ్మకం ఆపాలని చూశారు, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. ఒక్క వారంలో ఇద్దరు స్ట్రైకర్లూ లేరు. ఆ ఊళ్లో ఫ్యాన్ మనసు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

అప్పుడు అందరి చూపూ ఒక కుర్రాడి మీద పడింది. పేరు యోన్ డాల్ టొమాసన్. డెన్మార్క్ వాడు, ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. హాలండ్‌లో హీరెన్‌వీన్ క్లబ్‌లో బాగా ఆడి అప్పుడే వచ్చాడు. మేనేజర్ కెనీ డాల్‌గ్లిష్ అతన్ని తెచ్చింది షియరర్ వెనక ఆడటానికి. ఖాళీలు చూసి దూరడం, పాస్ అందించడం అతని పని. ఇప్పుడేమో ముందు ఆడాల్సిన షియరరే లేడు. సరే, నువ్వే ముందుకెళ్లు అన్నారు.

ఆగస్టు 9న లీగ్‌లో మొదటి మ్యాచ్, షెఫీల్డ్ వెన్స్‌డే మీద, సొంత గ్రౌండ్‌లో. ఆట మొదట్లోనే టొమాసన్‌కి మంచి ఛాన్స్ దొరికింది. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. మిస్ చేశాడు. న్యూకాజిల్ ఆ మ్యాచ్ 2-1తో గెలిచింది, కానీ ఆ మిస్ మాత్రం ఆ కుర్రాడి పేరుకి అతుక్కుపోయింది. సీజన్ మొత్తం మీద లీగ్‌లో అతను కొట్టినవి 3 గోల్స్.

మధ్యలో ఒక గొప్ప రాత్రి కూడా ఉంది. సెప్టెంబర్ 17న ఛాంపియన్స్ లీగ్‌లో బార్సిలోనాని 3-2తో ఓడించారు. మూడు గోల్సూ కొలంబియా ఆటగాడు అస్ప్రియావే. తర్వాత అతనికీ గాయమైంది, జనవరిలో ఇటలీకి అమ్మేశారు. చివరికి న్యూకాజిల్ 13వ స్థానంలో నిలిచింది. ముందు ఏడాది 73 గోల్స్ కొట్టిన జట్టు ఈసారి కొట్టింది 35. లీగ్‌లో వాళ్ల టాప్ స్కోరర్ 34 ఏళ్ల జాన్ బార్న్స్, 6 గోల్స్‌తో.

ఒక్క కుర్రాడు ఏం చేయగలడు చెప్పండి?

ఇప్పుడు అదే ఆగస్టు 9న ఇంకో గ్రౌండ్‌కి వెళ్దాం. లివర్‌పూల్ క్లబ్, వింబుల్డన్ మీద ఆడుతోంది. వీళ్లకీ ప్రీసీజన్‌లోనే దెబ్బ తగిలింది. స్ట్రైకర్ రాబీ ఫౌలర్ మోకాలి గాయంతో లేడు. వరసగా మూడు సీజన్లు ముప్పైకి పైగా గోల్స్ కొట్టినవాడు. అతను లేని మ్యాచ్‌లో పెనాల్టీ వస్తే ఎవరు తీసుకున్నారో తెలుసా? పదిహేడేళ్ల మైకేల్ ఓవెన్. గోల్ కొట్టాడు, మ్యాచ్ 1-1తో డ్రా అయింది.

తేడా గమనించండి. ఓవెన్‌ని తన చోటులోనే ఆడించారు. వెనక నుంచి బంతి అందించడానికి మెక్‌మనమన్, ఇన్స్ లాంటివాళ్లున్నారు. ఫౌలర్ కూడా కొన్ని వారాల్లోనే తిరిగొచ్చాడు. ఆ సీజన్‌లో ఓవెన్ లీగ్‌లో 18 గోల్స్ కొట్టి, మరో ఇద్దరితో కలిసి టాప్ స్కోరర్ అయ్యాడు. 1998 వరల్డ్ కప్‌లో అర్జెంటీనా మీద అతను పరుగెత్తి కొట్టిన గోల్ మీలో చాలామంది చూసే ఉంటారు.

అయితే ఈ కథ ఇక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరి 1998లో ఫౌలర్ మోకాలి లిగమెంట్ తెగింది. భారమంతా మళ్లీ ఓవెన్ మీదే. పద్దెనిమిదేళ్ల ఒంటికి విశ్రాంతి లేకుండా క్లబ్ మ్యాచ్‌లు, దేశం మ్యాచ్‌లు. 1999 ఏప్రిల్‌లో లీడ్స్ మీద పరుగెత్తుతుంటే తొడ వెనక కండరం తెగిపోయింది. తర్వాత కూడా గోల్స్ కొట్టాడు, 2001లో బ్యాలన్ డోర్ గెలిచాడు. కానీ ఆ కండరం మళ్లీ మునుపటిలా కాలేదు. కెరీర్ చివరి ఏళ్లలో గట్టిగా పరుగెత్తాలంటేనే భయపడేవాణ్నని ఆయనే టీవీలో చెప్పుకున్నాడు. పరుగే ఆస్తి అయిన మనిషి ఆ మాట అనడం ఎంత కష్టమో ఆలోచించండి. మనం చప్పట్లు కొట్టి మోయించిన బరువు కూడా బరువే.

మూడో కుర్రాడు ఆర్సెనల్ నికొలా అనెల్కా. పారిస్ నుంచి పదిహేడేళ్ల వయసులో వచ్చాడు. మేనేజర్ వెంగర్ తొందరపడలేదు, నెలల తరబడి కొంచెం కొంచెంగానే ఆడించాడు. 1998 జనవరిలో ఇయాన్ రైట్ గాయపడ్డాక తలుపు తెరుచుకుంది. అప్పటికి అనెల్కాకి ఆ జట్టు అలవాటైంది. వెనక వియెరా, పెటీ, ఒక పక్కన ఒవర్‌మార్స్. లీగ్‌లో అతను కొట్టింది 6 గోల్సే. అవి చాలు, మిగతా పని చేయడానికి జట్టు ఉంది. ఆర్సెనల్ లీగ్ గెలిచింది.

ఇక 1998 మే 16. ఎఫ్.ఎ. కప్ ఫైనల్, వెంబ్లీలో. ఆర్సెనల్‌కి ఎదురుగా ఎవరో తెలుసా? న్యూకాజిల్. షియరర్ జనవరిలో తిరిగొచ్చాడు, సెమీఫైనల్లో గెలుపు గోల్ కూడా అతనిదే. ఫైనల్లో అతను కొట్టిన షాట్ గోల్‌పోస్టుకి తగిలి వెనక్కి వచ్చింది. కాసేపటికే అవతల పందొమ్మిదేళ్ల అనెల్కా గోల్ కొట్టాడు. ఆర్సెనల్ 2-0. ఇయాన్ రైట్ బెంచి మీద కూర్చుని చూశాడు. టొమాసన్ ఆ మ్యాచ్‌లో ఆడనే లేదు.

ఆ వేసవిలోనే టొమాసన్‌ని హాలండ్‌కి, ఫెయినూర్డ్ క్లబ్‌కి అమ్మేశారు. పనికిరాడని ముద్ర వేసి పంపిన కుర్రాడు ఏమయ్యాడు? అక్కడ అతనికి తన చోటు తనకి దొరికింది. మొదటి ఏడాదే లీగ్ టైటిల్. 2002 మేలో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్లో డార్ట్‌మండ్ మీద గోల్, కప్పు. ఆ వేసవి వరల్డ్ కప్‌లో 4 గోల్స్. 2003లో ఏసీ మిలాన్‌తో ఛాంపియన్స్ లీగ్. డెన్మార్క్ తరఫున మొత్తం 52 గోల్స్, ఆ దేశపు రికార్డుతో సమానం. కాళ్లు అవే, మనిషి అతనే. మారింది చోటు, చుట్టూ ఉన్న జట్టు.

నాకు ఈ సీజన్ నేర్పింది ఒకటే. గాయం ఒక కుర్రాడికి తలుపు తెరుస్తుంది, నిజమే. కానీ లోపల అతని కోసం ఏం సిద్ధం చేశారన్నది అతని చేతిలో లేదు. టొమాసన్‌కి చోటే తప్పు. ఓవెన్‌కి చోటు సరైనదే, విశ్రాంతి లేదు. అనెల్కాకి రెండూ కుదిరాయి. ముగ్గురిలో ఎవరికీ టాలెంట్ తక్కువ కాదు.

అందుకే ఈసారి మీ జట్టు స్ట్రైకర్ ప్రీసీజన్‌లో కుంటితే, ఆ అకాడమీ కుర్రాడి క్లిప్ తప్పకుండా చూడండి. ఆశ పెట్టుకోండి. ఆశ లేకపోతే మనం ఫ్యాన్స్‌మే కాదు. కానీ అతను మొదటి ఛాన్స్ మిస్ చేసినప్పుడు, గ్రూపులో టైప్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: వీణ్ని వీడి ఆట ఆడనిస్తున్నారా, లేక పడిపోయినవాడి ఆట ఆడమంటున్నారా?

నేను తిట్టిన ఆ కుర్రాడు ఇప్పుడు వేరే క్లబ్‌లో ఆడుతున్నాడు. బాగానే ఆడుతున్నాడు. అతనికి నేనెవరో తెలీదు, నేనన్న మాటా తెలీదు. నాకు మాత్రం గుర్తుంది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.