నలభై దాటాక తెలిసిన ఆటిజం: తనమీద తనకు దయ ఎందుకంత కష్టం?

స్కాట్లండ్ గాయని సూసన్ బాయిల్‌కు పుట్టేటప్పుడే మెదడు దెబ్బతిన్నదని చిన్నతనంలో చెప్పారు. బడిలో వెక్కిరింపులు ఎదుర్కొన్నారు. 2009లో ‘బ్రిటన్స్ గాట్ టాలెంట్’తో ప్రపంచమంతా పేరొచ్చినా ఆ ముద్ర పోలేదు. యాభై దాటాక, అది ఆటిజం కోవకు చెందిన ఆస్పెర్గర్స్ అని తేలింది. 2013లో ఆ సంగతి బయటపెడుతూ తనకు ఊరట కలిగిందన్నారు.

ఇంత ఆలస్యానికి మూలాలు పాతవే. 1943లో వైద్యుడు లియో కానర్ ఆటిజం లక్షణాలున్నవారిగా వర్ణించిన 11 మంది పిల్లల్లో 8 మంది అబ్బాయిలు. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ చూపిన నలుగురూ అబ్బాయిలే. ఆటిజం అంటే మగపిల్లల సమస్య అన్న అభిప్రాయం అలా పాతుకుపోయింది. ఆటిజం ఉన్న ఆడపిల్లల్లో చాలామందేమో తమ ఇబ్బందిని దాచుకోవడం నేర్చుకున్నారు. ఎదుటివారి కళ్లలోకి చూడలేక కనుబొమల మధ్య చూడటం, మాట్లాడబోయే మాటలను ముందే మనసులో వల్లె వేసుకోవడం, పక్కవాళ్లు నవ్వినప్పుడు నవ్వడం. దీన్నే పరిశోధకులు మాస్కింగ్ అంటున్నారు. దాని ఫలితంగా ఇంటికొచ్చాక ఒళ్లు తెలియని అలసటతో పడిపోతారు. హాస్యనటి ఫెర్న్ బ్రాడీ తన అనుమానం చెప్పినప్పుడు, కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారని, బాయ్‌ఫ్రెండ్స్ ఉన్నారని వైద్యులు కొట్టిపారేశారు. ఆమెకు నిర్ధారణ జరిగింది 2021లో.

నలభై దాటాక ఆటిజం తేలిన 11 మంది మహిళలతో పరిశోధకురాలు అలెగ్జాండ్రా లీడమ్ బృందం మాట్లాడి 2020లో ఫలితాలు ప్రచురించింది. అన్నాళ్లూ ‘లోపం నాదే’ అనుకున్నవాళ్లు గతాన్ని కొత్తగా చూసుకున్నారు. అయితే ఊరట వెనకే దుఃఖమూ వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ల స్పందనా తక్కువ ప్రభావం చూపలేదు.

తనమీద తనకుండే దయనే ఆత్మకరుణ అంటారు. దాన్ని కొలవడానికి మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో 26 ప్రశ్నల కొలమానం రూపొందించారు. తనతో తాను మెత్తగా ఉండటం, బాధను ఉన్నదున్నట్టు గమనించడం, ‘ఇది నా ఒక్కదానికే కాదు, మనుషులందరికీ ఉండేదే’ అనుకోవడం దానికి ఆధారాలు. చిక్కంతా ఈ మూడోదానితోనే. చిన్నప్పటినుంచీ ‘నువ్వు అందరిలా లేవు’ అని విన్న మనిషికి ‘అందరికీ ఉండేదే’ అన్న మాట మనసుకెలా ఎక్కుతుంది? ఆటిజం ఉన్న పెద్దవారిలో ఆత్మకరుణ తక్కువగా ఉందని ఆస్ట్రేలియాలో రూ యింగ్ కై బృందం గమనించింది. అది వాళ్ల స్వభావంలోని కొరత కాదు, ఏళ్లతరబడి పడిన మాటల ఫలితం అనుకోవడమే సమంజసం. అదే బృందం ఆత్మకరుణపై ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చి చూస్తే, తొలి ప్రయత్నంలోనే మార్పు కనిపించింది. అయితే ఆలస్యంగా ఆటిజం తేలిన మహిళకు ‘అందరికీ ఉండేదే’ అన్న మాటలోని ఆ ‘అందరూ’ ముందు తనలాంటి మహిళలు కావాలి. అలాంటివాళ్లు కలుసుకునే చోటు చికిత్సలో భాగమే.

మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. వైకల్య ధ్రువపత్రానికి వాడే 40 అంశాల ఐసా (ISAA) కొలమానం సికింద్రాబాద్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైనదే. అందులో మొదటి అంశం, కళ్లలోకి చూడకపోవడం. ముప్పై ఏళ్లుగా చూడటం సాధన చేసిన స్త్రీ ఆ ప్రశ్న దగ్గరే తప్పిపోయే ప్రమాదం ఉంది. పరీక్షించేవారు ఆమె చూస్తోందా లేదా అన్నదానితో ఆగకుండా, అలా చూడటానికి ఎంత కష్టపడుతోందో కూడా అడిగి రాసుకోవాలి.