కళాసవర్ణం, వీసం: విజాతి భిన్నాల సంకలనంలో రెండు సంప్రదాయాలు

'సవర్ణ' శబ్దం తెలుగు విద్యార్థికి మొదట సంధి ప్రకరణంలో ఎదురవుతుంది. గణితంలోనూ దానికి స్థానముంది. హారాలు వేరైన భిన్నాలను కూడేముందు సమహారాలుగా మార్చడాన్ని ప్రాచీనులు సవర్ణనమన్నారు. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతాన, మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహంలో భిన్నగణిత ప్రకరణం పేరు 'కళాసవర్ణం'. కళ అంటే భాగం. చంద్రకళల లెక్కన పదహారో వంతు. తెలుగు వీసం విలువ కూడా అదే.

బ్రహ్మగుప్తుని (క్రీ.శ. 628) పద్ధతిలో ఒక భిన్నపు లవహారాలను రెండవదాని హారంతో గుణించాలి. ఫలితం సరైనదే, కాని హారం అనవసరంగా పెరుగుతుంది. పన్నెండో వంతు, పదిహేనో వంతు, ఇరవయ్యో వంతు కూడాలంటే మూడు హారాల లబ్ధం 3600, లవాలు 300, 240, 180, మొత్తం 720. దానిని మళ్లీ కుదిస్తే అయిదో వంతు. మహావీరుడు హారాల సామాన్య భాజకాలను, భాగించగా వచ్చిన లబ్ధాలను గుణించి 'నిరుద్ధం' సాధించాడు. ఇక్కడ అది 60. లవాలు 5, 4, 3, మొత్తం 12. నేటి పాఠ్యపుస్తకాల క.సా.గు. ఇదే. పేరు మాత్రం నిలవలేదు.

ఈ గ్రంథాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. జైన ప్రస్తావనల స్థానంలో శైవ ప్రస్తావనలు చేర్చాడన్న విషయం దగ్గరే సాహిత్య చరిత్రకారుల చర్చ తరచుగా ఆగిపోతుంది. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న పరిభాషది: అప్పటికే లెక్కకు సొంత మాటలున్న భాషలోకి ఒక శాస్త్రం ఏ మాటలతో వచ్చింది?

ఆ సొంత మాటల బలం తక్కువది కాదు. అర, కాలు, వీసం, కాని: వరుసగా రెండు, నాలుగు, పదహారు, అరవై నాలుగో వంతులు. తెలుగు లిపిలో నాలుగు ఘాతాలకు ప్రత్యేక భిన్నసంకేతాలే ఉండేవి. కాలుకు వీసం కలిపితే అయిదు వీసాలు. నిరుద్ధంతో పని లేదు. సవర్ణనం మాటలోనే జరిగిపోయింది. గ్రంథ పాండిత్యం లేని కరణం లెక్క తప్పకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

అయితే మూడో వంతు ఈ వరుసకు లొంగదు. కాలు, వీసం, కాని అంటూ ఎంత కలిపినా కొంత మిగులుతూనే ఉంటుంది. పదహారు అణాల రూపాయిలోనూ అంతే. అణాకు పన్నెండు పైల విభజన ఉన్నందువల్లనే, 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా, రూపాయిలో మూడో వంతు సరిగ్గా అయిదణాల నాలుగు పైలయింది.