‘దేహం తనకు తాను హాని చేసుకోదు’: ఒక వైద్య విశ్వాస చరిత్ర

వ్యాస సంగ్రహం:
శరీర రక్షణ వ్యవస్థ శరీరానికే హాని చేయదన్న విశ్వాసం ఇరవయ్యో శతాబ్ది ప్రథమార్ధంలో వైద్యరంగాన్ని బలంగా ప్రభావితం చేసింది. ఆ విశ్వాసం స్థిరపడిన తీరును, సడలిన తీరును, నిపుణ వైద్యం ఆలస్యంగా రూపొందడంతో దానికున్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రోగనిరోధక వ్యవస్థ, ఆటోఇమ్యూన్ వ్యాధులు, ఎర్లిక్, హషిమోటో, లూపస్, మెథోట్రెక్సేట్, రుమటాలజీ.

1. ఉపోద్ఘాతం:
కీళ్ల నొప్పులు, ముఖంపై ఎర్రని దద్దు, విడవని జ్వరం, మూత్రంలో ప్రోటీను పోవడం – ఈ లక్షణాలు ఒకే వ్యక్తిలో కనిపించినప్పుడు ఆ వ్యక్తి నలుగురు వైద్యుల వద్దకు తిరగవలసి రావడం అరుదు కాదు. కీళ్లను ఒకరు, చర్మాన్ని మరొకరు, మూత్రపిండాలను ఇంకొకరు చూస్తారు. అన్నింటికీ మూలమైన ఒకే కారణం ఆలస్యంగా బయటపడుతుంది. లూపస్ వంటి వ్యాధులలో ఎదురయ్యే ఈ జాప్యానికి రోగి అవగాహనలేమిని మాత్రమే కారణంగా చూపడం సమంజసం కాదు. దీని వెనుక వైద్యశాస్త్రపు సొంత చరిత్ర కూడా ఉంది.

2. ఎర్లిక్ సూత్రం – దాని అన్వయం:
పాల్ ఎర్లిక్, యూలియస్ మోర్గెన్‌రోత్‌లు 1900 ప్రాంతంలో మేకలపై ప్రయోగాలు చేశారు. ఒక మేకకు ఇతర మేకల రక్తాన్ని ఎక్కించినప్పుడు ఆ పరాయి ఎర్రకణాలను విచ్ఛిన్నం చేసే పదార్థాలు దాని రక్తంలో పుట్టాయి. సొంత ఎర్రకణాలను విచ్ఛిన్నం చేసేవి మాత్రం పుట్టలేదు. దేహానికి తనను తాను విషపూరితం చేసుకోవడం పట్ల ఉన్న ఈ విముఖతకు ఎర్లిక్ ‘హారర్ ఆటోటాక్సికస్’ అని పేరు పెట్టాడు.

ఇక్కడ ఒక భేదం గమనించదగినది. అటువంటి పదార్థాలు పుట్టడం అసంభవమని ఎర్లిక్ అనలేదు. అవి హాని చేయకుండా నిలువరించే ఏర్పాటు దేహంలో ఉంటుందని భావించాడు. తరువాతి తరం ఈ సూక్ష్మభేదాన్ని విస్మరించి, ఆయన సూత్రాన్ని నిషేధంగా స్వీకరించింది.

విరుద్ధమైన ఆధారం త్వరలోనే లభించింది. చలి తగిలినప్పుడు మూత్రం ఎర్రబడే ఒక వ్యాధిలో, రోగి రక్తంలోని ప్రతిరక్షకాలే అతని ఎర్రకణాలను పగలగొడుతున్నాయని 1904లో జూలియస్ డోనాత్, కార్ల్ లాండ్‌స్టైనర్ నిరూపించారు. అయినా అది ఒక అపవాదంగానే మిగిలిపోయింది. 1912లో జపాను శస్త్రవైద్యుడు హకారు హషిమోటో నలుగురు స్త్రీల థైరాయిడ్ గ్రంథులు తెల్లకణాలతో నిండి ఉండటాన్ని వర్ణించాడు. దాని కారణం తెలియడానికి నలభై నాలుగేళ్లు పట్టింది.

3. విశ్వాసం సడలిన దశ:
1952లో ఆగ్డెన్ బ్రూటన్ పదేపదే తీవ్ర ఇన్ఫెక్షన్లకు గురవుతున్న ఎనిమిదేళ్ల బాలుని రక్తంలో గామా గ్లోబ్యులిన్ లేదని గుర్తించి, దానిని బయటినుంచి అందించి ఫలితం సాధించాడు. రక్షణ లోపిస్తే రోగం వస్తుందన్న ఈ నిర్ధారణ పాత సూత్రానికి విరుద్ధం కాదు. రక్షణే రోగమవుతుందనడం మాత్రం విరుద్ధం.

అమెరికాలోని బఫలోలో నోయెల్ రోజ్ కుందేళ్లలోకి వాటి జాతి థైరాయిడ్ సారాన్నే ఎక్కించగా, వాటి సొంత గ్రంథికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టి, గ్రంథి దెబ్బతిన్నది. ఆయన ఆచార్యుడు ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ ఎర్లిక్ శిష్యపరంపరకు చెందినవాడు. ఆయన ఈ ఫలితాన్ని వెంటనే అంగీకరించక, ప్రయోగాలను పునఃపునః చేయించిన తరువాతే 1956లో ప్రచురణకు సమ్మతించాడు. అదే ఏడాది లండన్‌లో ఐవన్ రాయిట్, డెబొరా డోనియాక్ బృందం హషిమోటో వ్యాధిగ్రస్తుల రక్తంలో థైరాయిడ్‌కు వ్యతిరేకమైన ప్రతిరక్షకాలను కనుగొంది. గురువు సూత్రానికి విరుద్ధమైన సాక్ష్యాన్ని శిష్యవర్గమే ప్రకటించడం ఈ చరిత్రలో కీలక ఘట్టం.

4. చికిత్స, నిపుణ వైద్యం:
భావన కంటే చికిత్సే కొంత ముందు నడిచింది. 1948లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతానికి కార్టిసోన్ ప్రయోగించాడు. 1950లో కెండల్, రైక్‌స్టైన్‌లతో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. అయితే దీర్ఘకాలం వాడితే దాని దుష్ప్రభావాలు తీవ్రమని త్వరలోనే తేలింది.

మరో ఔషధ చరిత్ర తెలుగునేలతో ముడిపడి ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి ప్రతికూలంగా పనిచేసే అమినోప్టెరిన్ తయారైంది. పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడిన ఈ మందును 1951లో కీళ్లవాతానికి ప్రయోగించి చూశారు. అప్పటికి సుబ్బారావు మరణించి మూడేళ్లయింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి వాడేందుకు అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది. వారానికొకసారి స్వల్ప మోతాదులో ఇచ్చే ఈ మందు నేటికీ ఆ వ్యాధి చికిత్సకు ప్రధానాధారం.

ఇటువంటి మందులు వాడేటప్పుడు రక్తకణాలను, కాలేయాన్ని క్రమంగా పరీక్షించాలి. ఆ అవసరం ప్రత్యేక శిక్షణను కోరింది. అయినా అమెరికాలో రుమటాలజీ నిపుణులకు తొలి అర్హత పరీక్ష 1972లో గాని జరగలేదు. భావన స్థిరపడ్డాకే నిపుణ శాఖ బలపడిందనడానికి ఇది సూచన. తెలుగు ప్రాంతంలో హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ విభాగం పనిచేస్తున్నది.

5. ఉపసంహారం:
అవయవాల వారీగా ఏర్పడిన వైద్యశాఖలు, దేహమంతటికీ సంబంధించిన వ్యాధి – ఈ రెండింటి మధ్య ఉన్న అంతరం నేటికీ పూర్తిగా తొలగలేదు. దాని మూల్యం రోగి చెల్లిస్తాడు. లూపస్‌లో మూత్రపిండాలు నొప్పి తెలియకుండానే దెబ్బతినవచ్చు. కీళ్లవాతంలో ఒకసారి అరిగిన ఎముక తిరిగి రాదు. యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ పరీక్ష ఆరోగ్యవంతులలోనూ పాజిటివ్‌గా రావచ్చు గనుక, పరీక్షాపత్రం ఒక్కటే వ్యాధి నిర్ణయానికి చాలదు. లక్షణాలన్నింటినీ ఒకచోట చేర్చి చూసే నిపుణుడు అవసరం. 1904 నాటి సాక్ష్యం అర్ధశతాబ్దం పాటు అపవాదంగా మిగిలిపోవడానికి కారణం ఆధారం లేకపోవడం కాదు, దానికి చోటివ్వగల భావన లేకపోవడమే. వేర్వేరు గదులలో విడివిడిగా నమోదయ్యే లక్షణాల విషయంలోనూ ఇదే జరుగుతున్నదని ఈ చరిత్ర తెలియజేస్తున్నది.