లార్డ్సు మైదానమున బందరు వంశీయుడు

మన కృష్ణా మండలమున కోతలైన పిదప ఏ యూరి పొలమునకు పోయి చూచినను, పిల్లవాండ్రు మూడు కఱ్ఱలు పాతి క్రికెట్టు ఆడుచుందురు. ఆ యాటలో మన దేశమునకు తొలి నాయకుడైన మహనీయుని పూర్వులు మన బందరువారని ఆ పిల్లలలో ఎందఱెఱుగుదురో చెప్పజాలను. పెద్దలకైనను తెలియవలెనని ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

ఆయన కొఠారి కనకయ్య నాయుడుగారు. లోకము సి. కె. నాయుడని వ్యవహరించినది. 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. తాతగారైన నారాయణస్వామి నాయుడుగారు ఆ నగరమున పేరొందిన న్యాయవాది. ఇల్లు నాగపురమున నున్నను వంశము మాత్రము తెలుగువంశమే.

ఆ కాలపు ఆటల మర్యాద నొకింత చెప్పనిదే నాయుడుగారి ఘనత బోధపడదు. ఆంగ్లేయులు ఆటగాండ్రను రెండు తెగలుగా విభజించిరి. కూలి పుచ్చుకొని ఆడువారొక తెగ; కూలి లేక వేడుకకై ఆడువారు మఱియొక తెగ. ఈ రెండవవారిని అమెచ్యూర్లందురు. లాటిను భాషలో ప్రేమించుట యను ధాతువునుండి పుట్టిన శబ్దమిది. శబ్దము సుందరమే గాని ఆచారమంత సుందరము గాదు. ఒకే పక్షమున ఆడువారైనను ఈ రెండు తెగలకును దుస్తులు మార్చుకొను గదులు వేఱు, మైదానములోనికి వచ్చు ద్వారములు వేఱు. నాయకత్వము వేడుకకాండ్రకే చెందవలెను. దేశముల నడుమ పందెములందును ఈ వేడుకకాండ్రకు గొప్ప గౌరవముండెను. గోల్ఫు అను ఆటలో 1922లో వాకర్ కప్పు ఆరంభమై, అమెరికా జట్టునకును బ్రిటను, ఐర్లండు దేశముల జట్టునకును కేవలము వేడుకకాండ్రతోనే పోటీ జరుగుచు వచ్చినది. ఆ యేడే చెన్నపట్టణపు తెలుగువారు కోటా రామస్వామిగారు డేవిస్ కప్పు పోటీలో మన దేశముపక్షమున టెన్నిసు ఆడిరి. వారిని మరల తలచుకొందము.

కూలి లేక ఆడవలెనన్నచో ఇంట ధాన్యముండవలెను గదా! కావున మన దేశమున వేడుకకాండ్రనగా రాజులు, రాజకుమారులు. లేదా రాజుల నీడనున్నవారు. నాయుడుగారు ఈ తుదితెగవారు. 1923లో ఇందూరు ప్రభువైన హోల్కరు వారిని తన కొలువునకు రప్పించి సైన్యమున పదవి నిచ్చెను. మన కవులు సంస్థానముల నాశ్రయించి కావ్యములు వ్రాసినట్లే ఇదియు. 1926 సంవత్సరాంతమున ఇంగ్లండునుండి ఎమ్.సి.సి. జట్టు వచ్చినపుడు, బొంబాయిలో హిందూ జట్టుపక్షమున వీరు రెండు గంటలలోపల 153 పరుగులు తీసిరి. అందు పదునొకండు సిక్సర్లు. భారతీయులు ఆంగ్లేయులతో సమానముగా ఆడగలరను నమ్మకము ఆనాడు దేశమున బలపడెను. 1928లో దేశమునకంతకు ఒక క్రికెట్టు బోర్డు ఏర్పడెను.

1932లో మన జట్టు ఇంగ్లండునకు బయలుదేరెను. నాయకుడు పోరుబందరు మహారాజు. ఉపనాయకుడు లింబ్డి రాజకుమారుడు. పోరుబందరు ప్రభువు సజ్జనుడే గాని బ్యాటు ఆయన చేతిలో పరుగులు రాల్చునది కాదు. తన కొలత తానెఱిగిన ధీరుడగుటచే ఆయన మహాపందెమునుండి తప్పుకొనెను. లింబ్డియు ఆడలేదు. ఇట్లు పోరుబందరు తొలగగా మన బందరు ముందునకు వచ్చినది! రాజవంశీయుడు కాని వానిక్రింద ఆడుట జట్టులో కొందఱికి రుచింపలేదనియు, మహారాజే వారిని మందలించెననియు చెప్పుకొందురు. ఆ ప్రభువునకు నమస్కరింపవలసినదే.

జూన్ 25వ తేదీన లండను నగరమున లార్డ్సు మైదానమున ఆట మొదలయ్యెను. ఆ దినములు తలచుకొనుడు. గాంధీమహాత్ముడు ఎరవాడ చెఱసాలలో నుండెను. పాలితులు పాలకుల రాజధానిలో వారితో సరిసమానముగా నిలుచు చోటు ఆ పచ్చికబయలొక్కటియే. బొంబాయి పోటీలలో మతమునకొక జట్టుగా చీలి ఆడువారు ఇచ్చట హిందువులు, ముస్లిములు, పారసీలు, ఒక సిక్కు కలిసి ఒక్క జట్టైరి.

ఇంగ్లండు జట్టులో హోమ్సు, సట్‌క్లిఫ్ అను నిద్దఱుండిరి. పది దినములకు ముందే వారిరువురు జంటగా 555 పరుగులు చేసి లోకమును విస్మయపఱచిన మహారథులు. మహమ్మదు నిస్సారు బంతులకు ఒకరి వికెట్టు ఆఱు పరుగులకు, మఱియొకరిది మూడు పరుగులకు ఎగిరిపోయెను. పిమ్మట వూలీ రనౌటయ్యెను. 19 పరుగులకు మూడు వికెట్లు! నాయకుడు జార్డిను 79 పరుగులు చేసి నిలబెట్టగా ఇంగ్లండు 259 చేసెను. నాయుడుగారు క్యాచి పట్టబోయి చేతికి దెబ్బ తగిలించుకొనిరి. ఆ చేతితోనే బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. మన 189 పరుగులలో అదియే అందఱికంటె ఎక్కువ. తుదకు 158 పరుగులతో ఓడితిమి. రెండవమారు అమరసింగు చేసిన 51 మన దేశపు తొలి టెస్టు అర్ధశతకము. ఆ పర్యటనలో నాయుడుగారు మొత్తముమీద 1,618 పరుగులు చేసి 65 వికెట్లు తీసిరి. మఱుసటి యేడు విస్‌డెన్ అను ఆంగ్లేయుల క్రికెట్టు వార్షికగ్రంథము వారిని ఉత్తమ క్రీడాకారులైన అయిదుగురిలో నొకరిగా ఎన్నెను.

ఇంతతో యోగ్యత గెలిచినదని సంతసింతమా? 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టునకు విజయనగర మహారాజకుమారుడు నాయకుడయ్యెను. ఆయనయు తెలుగు రాజవంశమువాడే యని చెప్పుటకు నాకు మనసు చివుక్కుమనుచున్నది. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. పర్యటనలోనే లభించినది సర్ బిరుదము. లాలా అమరనాథు వంటి ప్రతిభావంతుని నడుమనే ఇంటికి పంపివేసిరి. నాయుడుగారు సామాన్య క్రీడాకారునిగా ఆడి, కడపటి టెస్టులో దేహమునకు గట్టి దెబ్బ తగిలినను 81 పరుగులు చేసిరి. ముందు చెప్పిన రామస్వామిగారు నలువదేండ్ల వయసున మాంచెస్టరులో తొలి టెస్టాడి 40, 60 పరుగులు చేసిరి. ఆ పర్యటనలో మనవారికి తలయెత్తుకొనుటకు మిగిలినవి ఇట్టివే.

నాయుడుగారి బ్యాటునకు ముసలితనము లేదు. ఏబదియవ యేట హోల్కరు జట్టుపక్షమున రంజీ ట్రోఫీ తుదిపందెమున ద్విశతకము చేసిరి. 1953లో ఆంధ్రరాష్ట్ర మవతరింపగా, 1953-54లో మన రాష్ట్రపు జట్టు మొదటిసారి రంజీ బరిలో దిగెను. ఏబదియెనిమిదేండ్ల వయసున దానికి నాయకత్వము వహించినవారు నాయుడుగారే.