దొంగ కారును బట్టి పోలీసు కారు

ప్రపంచంలో మొట్టమొదటి పోలీసు కారుగా చెప్పుకునే బండి కరెంటుతో నడిచింది. రోడ్లన్నీ ఇంకా గుర్రబ్బండ్లవే అయిన 1899లో, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్ నగరంలో అది రోడ్డెక్కింది. నగర పాలనలో మెకానికల్ ఇంజినీరుగా ఉన్న ఫ్రాంక్ లూమిస్ దాన్ని రూపొందించాడు. గుర్రబ్బండ్లు తయారుచేసే ఒక కంపెనీ కట్టి ఇచ్చింది. ఖర్చు 2,400 డాలర్లు. గంటకు 26 కిలోమీటర్ల వేగం. ఒకసారి చార్జింగ్ పెడితే 48 కిలోమీటర్లు పోయేది. కరెంటు దీపాలున్నాయి, జనాన్ని తప్పుకోమనడానికి గంట ఉంది, దెబ్బలు తగిలినవాళ్ల కోసం స్ట్రెచర్ కూడా ఉంది. తొలి డ్రైవరు లూయిస్ మ్యూలర్. తొలి డ్యూటీ ఏమిటంటే, మెయిన్ స్ట్రీటు, ఎక్స్ఛేంజ్ స్ట్రీటు కలిసేచోట తాగి పడివున్న ఒకాయన్ని ఎక్కించుకురావడం.

ఎవరినీ తరిమి పట్టుకోవడం ఆ బండి పని కాదు. పట్టుబడ్డవాళ్లను స్టేషనుకు చేర్చాలి, అంతే. తరమాల్సిన అవసరమే అప్పటికి రాలేదు, ఎందుకంటే దొంగల దగ్గరా కార్లు లేవు. మరుసటి ఏడాది ఆగస్టులో ఆక్రన్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. ఒక నల్లజాతి నిందితుణ్ని తమకు అప్పగించాలంటూ గుంపు నగర పాలక భవనం మీద పడింది. పోలీసులు అతన్ని అప్పటికే రహస్యంగా క్లీవ్‌లాండ్ తరలించేశారు. ఆ కోపంలో గుంపు భవనాన్ని తగలబెట్టి, కరెంటు బండిని కాలవలోకి తోసేసింది. తర్వాత దాన్ని పైకి లాగి మళ్లీ వాడుకున్నారు.

అక్కడినుంచి ఇప్పటిదాకా పోలీసు శాఖలు వాడిన వింత వింత బండ్ల జాబితా తీస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఫెరారీ కానీ, పోర్షే కానీ పోలీసులు షోకు కోసం కొనలేదు. ప్రతి వింత బండి వెనకా ఆ ఊరికీ ఆ కాలానికీ చెందిన ఒక తలనొప్పి ఉంది. కాకపోతే ఆ బండి దాదాపు ప్రతిసారీ, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఆలస్యంగానే వచ్చింది.

ఆ ఆలస్యం అందరికంటే ఎక్కువ బాధించింది డెట్రాయిట్‌ని. 1920లలో అమెరికా అంతటా మద్యనిషేధం. డెట్రాయిట్ నదికి ఇవతల అమెరికా, అవతల కెనడా. అటునుంచి సారా దొంగతనంగా దిగేది. కార్ల పరిశ్రమకు రాజధాని కావడంతో నేరస్థులకు మంచి కార్లకు కరువు లేదు. పోలీసుల దగ్గరా కార్లున్నాయి గాని, ఒకసారి స్టేషను వదిలి వెళ్లిన కారుకు కబురు పంపే దారి లేదు. దోపిడీ ఈ చివర జరుగుతుంటే పోలీసు కారు ఆ చివర తిరుగుతూ ఉండేది.

దీనికి మందు రేడియో అని డెట్రాయిట్ పోలీసులు ముందే గ్రహించారు. 1922లో వాళ్లకు దొరికిన స్టేషను పేరు కే.ఓ.పీ. ఇంగ్లీషులో పోలీసును పిలిచే ‘కాప్’ అన్న మాటలో మొదటి అక్షరం ఒక్కటే మారింది. చిక్కేమిటంటే, లైసెన్సు వినోద ప్రసారాల కింద ఇచ్చారు. అందుకని దొంగిలించిన కార్ల వివరాలు చదువుతూ, మధ్యమధ్య పాటలు కూడా వేయాల్సి వచ్చింది. అంతకన్నా పెద్ద తంటా కారులోని రిసీవరుతో. గతుకుల మీద కారు ఎగిరినప్పుడల్లా స్టేషను పక్కకు జరిగిపోయేది. కెనెత్ కాక్స్ అనే కుర్ర పోలీసు, రాబర్ట్ బ్యాట్స్ అనే సాంకేతికుడు కలిసి, కుదుపులకు చలించని రిసీవరు తయారుచేశారు. 1928 ఏప్రిల్ 7న బెల్ ఐల్ దీవినుంచి నికరమైన ప్రసారం మొదలైంది.

అది కూడా ఒంటిచెవి వ్యవహారమే. కారులో కూర్చున్నవాళ్లు వినగలరు, జవాబు చెప్పలేరు. జవాబు చెప్పాలంటే కారు ఆపి టెలిఫోను వెతుక్కోవాలి. మాట రెండువైపులా నడిచింది 1933లో, న్యూజెర్సీలోని బయోన్ పట్టణంలో. మనం 100కో 112కో ఫోను చేస్తే దగ్గర్లో ఉన్న గస్తీ బండి కదలడానికి పునాది ఈ రెండు ఊళ్లలో పడింది. పోలీసు కారుకు సంబంధించి నిజమైన ఆవిష్కరణ ఏదంటే నేను రేడియోనే చెబుతాను. మిగతావి చాలావరకు వేరే పనికి తయారైన బండ్లను తెచ్చి ఖాకీ తొడగడమే.

ఇంజిను సంగతి అలా కాదు. అది ఏ పక్షానికైనా పనిచేస్తుంది. 1932లో ఫోర్డ్ వీ-8 వచ్చింది. ఎనిమిది సిలిండర్ల ఇంజిను మామూలు సంపాదనపరుడికి అందే ధరలో దొరకడం అదే మొదలు. పోలీసు శాఖలు కొన్నాయి, బ్యాంకు దొంగలూ ఎక్కారు. 1934 మేలో దోపిడీలకు పేరుమోసిన బోనీ, క్లైడ్ జంట లూసియానాలో పోలీసు తూటాలకు చనిపోయింది ఫోర్డ్ వీ-8లోనే, అదీ దొంగిలించిందే.

యుద్ధం తర్వాత ఐరోపాలో వింతలు మొదలయ్యాయి. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ‘ఏస్ కెఫే’ అని లారీ డ్రైవర్ల హోటలు ఉండేది. 1950ల చివరికి అది మోటారుసైకిలు కుర్రాళ్ల అడ్డా అయింది. గంటకు 100 మైళ్లు దాటించడమే వాళ్ల ప్రతిష్ఠ. జ్యూక్‌బాక్సులో పాట పెట్టి, అది అయిపోయేలోగా ఒక చుట్టు తిరిగి రావాలని పందేలు వేసుకునేవారని చెబుతారు. పోలీసుల బరువైన నల్ల వోల్జ్‌లీ కార్లు వాళ్ల దుమ్ము కూడా అందుకోలేకపోయాయి. దాంతో మెట్రోపాలిటన్ పోలీసులు డైమ్లర్ ఎస్పీ-250 తెప్పించారు. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, రెండే తలుపులు, రెండున్నర లీటర్ల వీ-8 ఇంజిను, గంటకు 190 కిలోమీటర్లకు పైగా వేగం. తమాషా ఏమిటంటే, ఆ ఇంజినును రూపొందించిన ఎడ్వర్డ్ టర్నర్, ట్రయంఫ్ మోటారుసైకిళ్ల రూపకర్తగా పేరుపడ్డ మనిషి. ఆ కుర్రాళ్లలో చాలామంది ఎక్కి తిరిగేది ట్రయంఫ్‌లే. వాళ్లకు రెక్కలిచ్చిన చెయ్యే పోలీసులకూ ఇచ్చింది.

నెదర్లాండ్స్‌లో సమస్య దొంగలది కాదు, హైవేలది. అక్కడి మోటారు రోడ్లకు 1970ల దాకా వేగపరిమితే లేదు. ప్రమాదం జరిగితే క్షణాల్లో చేరుకోవాలి, వెనకొచ్చే వాహనాలను ఆపాలి. 1962లో డచ్చి జాతీయ పోలీసులు పోర్షే 356 కార్లు ఎంచుకున్నారు. అవి కూడా పైకప్పు తెరుచుకునే రకం. అధికారి సీట్లోంచి లేచి నిలబడి చేత్తో సైగలు చేయగలగాలన్నది అందులో కిటుకు. అందుకే చలిలో సైతం టాపు దించి, తలకు హెల్మెట్ పెట్టుకుని గస్తీ తిరిగేవారు. ఇంజిను వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది, మరిగిపోవడానికి రేడియేటరే లేదు. తర్వాత పోర్షే 911 వచ్చింది. 1996 దాకా ఆ శాఖ 500కు పైగా పోర్షేలు వాడింది.

అన్నిటికీ మించిన కథ రోమ్ నగరానిది. 1950లలో అక్కడి పోలీసులు నల్లటి ఆల్ఫా రోమియో 1900 కార్లు నడిపేవారు. జనం వాటిని ‘పాంతెర’ అనేవారు, అంటే నల్లచిరుత. నేరస్థులు అంతకన్నా జోరైన కార్లు సంపాదించడంతో చిరుత వెనకబడింది. 1962లో రోమ్ పోలీసులకు రెండు ఫెరారీ 250 జీటీఈలు వచ్చాయి. మూడు లీటర్ల ఇంజిను, పన్నెండు సిలిండర్లు. వెనక సీటు కూడా ఉండటం ఫెరారీల్లో అప్పటికి కొత్త. ఎంపికచేసిన పోలీసు డ్రైవర్లను ఫెరారీ సొంత ఊరు మరనెల్లోకు పంపి నేర్పించారు. రెండిట్లో ఒకటి పరీక్షల్లోనే పాడైపోయింది. మిగిలినదాని చక్రం ఆర్మాందో స్పతఫోరా చేతికి వచ్చింది. నల్ల రంగు మీద తెల్లగా రాసిన ‘స్క్వాద్రా మోబిలే’, పైన నీలం దీపం. ఒక దొంగను తరుముతూ స్పతఫోరా ఆ కారును స్పానిష్ మెట్ల మీదుగా కిందికి దించాడని రోమ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1968 దాకా అది డ్యూటీ చేసింది. తర్వాత వేలంలో ప్రైవేటు వ్యక్తుల చేతికి వెళ్లింది.

ఫెరారీ తర్వాత అదే ఇటలీ పోలీసులకు 2004లో లంబోర్గిని గయార్దో, ఆ తర్వాత హురాకాన్ వచ్చాయి. దొంగ కోసమే అయితే ఇంత కారు ఇప్పుడు అక్కర్లేదు. అతను ఎంత జోరుగా పారిపోయినా ముందు టోల్‌గేటుకు వైర్‌లెస్ కబురు అంతకంటే ముందే చేరుతుంది. ఆ కార్ల ముందు డిక్కీ తెరిచి చూస్తే, అవయవాలను చల్లగా ఉంచే పెట్టె కనిపిస్తుంది. 2020 నవంబరులో హురాకాన్ ఒక కిడ్నీని పాదువా నుంచి రోమ్‌కు, దాదాపు 500 కిలోమీటర్లు, సుమారు రెండు గంటల్లో చేర్చిందని పోలీసులు ప్రకటించారు. స్టేషనుకు మనుషుల్ని మోసిన ఆక్రన్ బండికీ, ఆస్పత్రికి కిడ్నీని మోసిన ఈ బండికీ పని ఒకటే, చేర్చడం. తరమడం అనే బాధ్యత నడుమ ఓ యాభై అరవై ఏళ్లు పోలీసు కారు మీద పడింది. దాన్ని ఇప్పుడు చాలావరకు రేడియో తీసేసుకుంది.